ఒక్క కిలో హైడ్రోజన్ వెంట

(హైదరాబాద్‌లో మోటారు మెకానిక్‌లు, ఇంజినీరింగ్ విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. షెడ్డు మూసుకుని వచ్చిన మెకానిక్ అన్నలకు, కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలకు ముందుగా కృతజ్ఞతలు. ఈ బల్ల మీద నాలుగు వస్తువులు ఉన్నాయి. పాలిథీన్ కవరులా కనిపించే పొర ముక్క ఒకటి, నల్లటి కార్బన్ పేపరు ఒకటి, సన్నటి కాలువలు అచ్చొత్తిన లోహపు పలక ఒకటి, గ్యాసు నింపే నాజిల్ ఒకటి. మాటలయ్యాక దగ్గరికొచ్చి చూద్దురు గాని.

హైడ్రోజన్ కారు గురించి అందరం వినే మాట ఒకటే: పొగ రాదు, నీళ్లే వస్తాయి. నిజమే. ఒక కిలో హైడ్రోజన్ గాలిలోని 8 కిలోల ఆక్సిజన్‌తో కలిసి 9 కిలోల నీరవుతుంది. ఆ ఒక్క కిలోతో నేటి ఫ్యూయల్ సెల్ కారు, అంటే హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చి మోటారు తిప్పే కారు, సుమారు 100 కిలోమీటర్లు పోతుంది. అంటే వంద కిలోమీటర్లకు వెనక గొట్టం నుంచి 9 లీటర్ల నీళ్లు కారుతాయి. వేరే పొగ రాదు. అయితే ఆ కిలో బండిలోకి చేరకముందు ఎక్కడ పుట్టింది, దాన్ని పుట్టించడానికి ఏం ఖర్చయింది? అది చూడకుండా శుభ్రమైన ఇంధనం అనేస్తే లెక్క తప్పుతుంది. కాబట్టి ఈ సాయంత్రం ఒక్క కిలో హైడ్రోజన్‌ను పట్టుకుని, పుట్టిన చోటి నుంచి చక్రం తిరిగే దాకా దాని వెంట నడుద్దాం.

హైడ్రోజన్ బొగ్గులా తవ్వితే దొరికే సరుకు కాదు. నీటిలోనో సహజవాయువులోనో మరో మూలకంతో గట్టిగా అతుక్కుని ఉంటుంది. విడదీయాలంటే శక్తి పెట్టాలి. పెట్టిన శక్తిలో కొంత పోగా మిగిలిందే మనకు తిరిగొస్తుంది.

మన దేశంలో ఏడాదికి సుమారు 50 లక్షల టన్నుల హైడ్రోజన్ ఇప్పటికే వాడుతున్నాం. చాలామందికి ఈ సంగతి తెలియదు. దాదాపు అంతా చమురు శుద్ధి కర్మాగారాలకు, ఎరువుల ఫ్యాక్టరీలకు పోతుంది. అందులో ఎక్కువ భాగం సహజవాయువును 800 డిగ్రీలకు పైన నికెల్ ఉత్ప్రేరకం మీద ఆవిరితో కలిపి తీసేదే. ఆ పద్ధతిలో ఒక కిలో హైడ్రోజన్‌కు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దూరం పోనక్కర్లేదు, మన రామగుండం చూడండి. అక్కడి ఎరువుల కర్మాగారం సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. అమ్మోనియా బరువులో 17.6 శాతం హైడ్రోజనే. అంటే ఆ ఒక్క ఫ్యాక్టరీ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 387 టన్నుల హైడ్రోజన్ కావాలి. ఒక కారు ట్యాంకులో 5.6 కిలోలు పడుతుందనుకుంటే, రోజూ 69 వేల కార్లు నింపేంత. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో దారి నీటిని కరెంటుతో విడగొట్టడం. ఇందులో ఇప్పుడు మార్కెట్లో నిలదొక్కుకున్నవి రెండు రకాలు. ఆల్కలైన్ పద్ధతిలో 25 నుంచి 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, నికెల్ ఎలక్ట్రోడ్లు, 70, 80 డిగ్రీల వేడి ఉంటాయి. పాత పద్ధతి, మొండిది, చవక. రెండోది పొర పద్ధతి. బల్ల మీది ఈ ముక్కలాంటి పొరే అందులో పని చేస్తుంది. చిన్న జాగాలో సరిపోతుంది, సోలార్ కరెంటు మబ్బుకు తగ్గి ఎండకు పెరుగుతుంటే వెంటనే దానితో పాటు సర్దుకుంటుంది. కానీ ఆక్సిజన్ వైపు ఇరిడియం కావాలి. ప్రపంచమంతా కలిపి ఏడాదికి ఏడెనిమిది టన్నులు మాత్రమే వచ్చే లోహం అది.

ఏ పద్ధతైనా ఒక కిలోకు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. మీ ఇంటి మీటరు మీద తిరిగే యూనిట్టే. పంపులూ గ్యాసును ఎండబెట్టే యంత్రాలూ కలిపి 55 అనుకుందాం. బంకులో కుదించడానికి, చల్లబరచడానికి ఇంకో 4, 5 యూనిట్లు. మొత్తం 60 యూనిట్లు అని రాసుకోండి. 60 యూనిట్లకు ఒక కిలో, ఒక కిలోకు 100 కిలోమీటర్లు.

అదే బ్యాటరీ కారుకు 100 కిలోమీటర్లకు గోడ దగ్గర తీసుకునే కరెంటు 16 యూనిట్లు వేసుకోండి. మన ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుకొలత 158 కిలోమీటర్లు. ఒక్క చుట్టుకు హైడ్రోజన్ కారు 95 యూనిట్లు తింటే, బ్యాటరీ కారు 25తో చుట్టి వస్తుంది. ఇందులో ఏ కంపెనీ తప్పూ లేదు. కరెంటును గ్యాసు చేసి, ఆ గ్యాసును మళ్లీ కరెంటు చేసే దారిలో రెండు చోట్ల వేడిగా పోయేది పోతుంది. ఎంత మంచి ఇంజినీరింగ్ చేసినా కొంత తగ్గించగలమే గానీ తప్పించుకోలేం.

ఇప్పుడు ఆ 60 యూనిట్లు ఎక్కడివో అడగండి. మన దేశపు గ్రిడ్ కరెంటుకు సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్రిడ్ కరెంటుతోనే హైడ్రోజన్ చేస్తే ఒక కిలోకు 42 కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు వంద కిలోమీటర్లకు వదిలేది 15 కిలోలు. అంటే వెనక నీళ్లే కార్చే కారు పెట్రోలు కారుకు దాదాపు మూడింతలు మసి మోస్తోంది. కాకపోతే ఆ మసి థర్మల్ స్టేషన్ చిమ్నీ దగ్గర ఉంది. సహజవాయువుతో చేసిన హైడ్రోజన్ అయితే కుదింపు కరెంటుతో కలిపి 13, 14 కిలోలు, పెట్రోలుకు కాస్త ఇటుగా. అదే గ్రిడ్ మీద ఛార్జ్ చేసిన బ్యాటరీ కారుకు 11 కిలోలు.

అందుకే ఆకుపచ్చ హైడ్రోజన్ అన్న పేరుకు కేంద్రం ఒక కొలత పెట్టింది. 2023 ఆగస్టులో ప్రకటించిన ప్రమాణం ప్రకారం 12 నెలల సగటున కిలో హైడ్రోజన్‌కు 2 కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ రాకూడదు. 42 దగ్గర నుంచి 2 దగ్గరకు రావాలంటే గ్రిడ్ తీగ తగిలించుకుంటే కుదరదు. సోలారో గాలిమరలో దాని కోసమే ఉండాలి. ఒక మెగావాట్ సోలార్ ప్లాంటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది, మన ఎండకు రోజుకు సుమారు 4,200 యూనిట్లు ఇస్తుంది. దాంతో 70 కిలోల హైడ్రోజన్, అంటే 12 కార్లకు ట్యాంకు నిండుతుంది.

(సభలో నుంచి ప్రశ్న: సార్, వేసవిలో ట్యాంకర్ నీళ్లకే తిప్పలు పడే ఊరు మనది. నీటితో ఇంధనం అంటే నీళ్లెక్కడివి?)

మంచి ప్రశ్న తమ్ముడూ. విడగొట్టడానికి కావలసింది కిలోకు 9 లీటర్లు. అయితే మామూలు నీళ్లు పనికిరావు. మన బోరు నీళ్లలోని సున్నం, క్లోరైడు ఎలక్ట్రోడ్లను తినేస్తాయి. ఆర్వో పెట్టి, ఆ తర్వాత అయాన్లను పట్టే రెసిన్ గుండా పంపి, వాహకతను, అంటే నీళ్లు కరెంటును మోసే గుణాన్ని, సెంటీమీటరుకు ఒక మైక్రోసీమెన్స్ కంటే తక్కువకు దించాలి. ఆర్వో పారబోసేది కలుపుకుంటే 15 నుంచి 20 లీటర్లు అవుతుంది, చల్లబరిచే నీళ్లు వేరు. కానీ దాన్ని బొగ్గు కరెంటుతో చేశారనుకోండి, థర్మల్ స్టేషన్లో యూనిట్‌కు 3 లీటర్ల చొప్పున 60 యూనిట్లకు 180 లీటర్లు ఆవిరైపోతాయి. ఇక్కడ కూడా అసలు ప్రశ్న కరెంటుదే.

సరే, కిలో పుట్టింది. ఇక దాన్ని మోయాలి. అన్ని వాయువుల్లోకి తేలికైనది ఇది. మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఒక కిలో 12 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే 12 వేల లీటర్లు, పెద్ద నీళ్ల ట్యాంకరంత. బరువు లెక్కన చూస్తే కిలోలో 33 యూనిట్ల శక్తి, పెట్రోలుకు దాదాపు మూడింతలు. చోటు లెక్కన చూస్తే చాలా పేద. అందుకే 700 బార్‌కు, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 700 రెట్లకు కుదిస్తారు. అప్పుడు కూడా లీటరుకు 40 గ్రాములే పడుతుంది. మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేసినా లీటరుకు 71 గ్రాములే.

బంకుకు లారీ మీద తేవడంలో ఈ బాధ బాగా కనిపిస్తుంది. 200 బార్ ఉక్కు గొట్టాల ట్రైలరు, బండి మొత్తం పాతిక ముప్పై టన్నులు తూగేది, 300 కిలోల హైడ్రోజన్ మోస్తుంది. దాంతో కార్లు నడిచేది 30 వేల కిలోమీటర్లు. 20 వేల లీటర్ల పెట్రోలు ట్యాంకరు 3 లక్షల కిలోమీటర్ల ఇంధనం తెస్తుంది. ఒక పెట్రోలు ట్యాంకరు వచ్చే చోటికి పది ట్రైలర్లు రావాలన్నమాట. బంకులోనే ఎలక్ట్రోలైజర్, అంటే నీటిని కరెంటుతో విడగొట్టే యంత్రం, పెట్టుకోవాలని అనేది ఇందుకే. అలా పెడితే మెగావాట్లలో కరెంటు కనెక్షన్ కావాలి.

కారులో ట్యాంకు సంగతి. టయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారు రెండో తరంలో మూడు ట్యాంకులున్నాయి. మొత్తం 142 లీటర్లు, పట్టేది 5.6 కిలోలు. ట్యాంకుల బరువు మాత్రం దాదాపు 90 కిలోలు. లోపల ప్లాస్టిక్ పొర గ్యాసు బయటికి రాకుండా చూస్తుంది, దాని మీద చుట్టిన కార్బన్ ఫైబర్ ఒత్తిడిని మోస్తుంది. సీఎన్‌జీ సిలిండర్ 200 బార్ దగ్గర పని చేస్తుంది, ఇది దానికి మూడున్నర రెట్లు. గట్టి రకం ఉక్కు ఎందుకు వాడరంటే, హైడ్రోజన్ పరమాణువు చిన్నది, ఆ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. వంగాల్సిన చోట పగులుతుంది. అందుకే పైపులకు నికెల్ ఎక్కువున్న 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు, వాల్వు బాడీలకు అల్యూమినియం 6061 వాడతారు. మెకానిక్ అన్నలకు ఒక మనవి: హార్డ్‌వేర్ షాపులో చేతికందిన హై టెన్సైల్ బోల్టు తెచ్చి ఈ లైనులో బిగించకండి. ఆ రోజు లీకు కనబడదు, నెలలు గడిచాక పగుళ్లు పడుతుంది.

ఇప్పుడు నింపడం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊరి ఎండకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే.

ఖాళీ ట్యాంకులోకి గ్యాసును వేగంగా తోస్తే లోపలి గ్యాసు నలిగి వేడెక్కుతుంది. సైకిలు పంపు కింద చెయ్యి పెడితే తెలుస్తుంది కదా, అదే. ట్యాంకు ప్లాస్టిక్ పొర, రెసిన్ 85 డిగ్రీలు దాటకూడదు. మూడు నుంచి ఐదు నిమిషాల్లో నింపాలి, 85 దాటకూడదు. ఈ రెండూ కుదరాలంటే బంకులోనే గ్యాసును మైనస్ 33 నుంచి మైనస్ 40 డిగ్రీలకు చల్లార్చి వదలాలి. నిమిషానికి ఎన్ని బార్లు పెంచాలి, ఎక్కడ ఆపాలి అనేది బయటి ఉష్ణోగ్రత, ట్యాంకు పరిమాణం, మొదటి ఒత్తిడి చూసి ఎస్ఏఈ జె2601 అనే ప్రమాణంలోని పట్టికల ప్రకారం మెషీన్ నిర్ణయిస్తుంది. గ్యాసు ప్రవాహం సెకనుకు 60 గ్రాములు దాటనివ్వదు. కారు మూత దగ్గర ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉంటుంది, ట్యాంకు లోపలి వేడి, ఒత్తిడి ఎంతో నాజిల్‌కు చెబుతుంది. దుమ్ము పట్టి ఆ దీపం మసకబారితే మాట తెగిపోతుంది. అప్పుడు మెషీన్ జాగ్రత్తపడి ట్యాంకు పూర్తిగా నింపకుండా ఆపేస్తుంది. డ్రైవరు బంకు మోసం చేసిందనుకుంటాడు. మెత్తటి గుడ్డతో ఆ అద్దం తుడిస్తే చాలు.

మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారు వచ్చిందనుకోండి. పట్టిక ప్రకారం నింపే వేగం తగ్గిపోతుంది. చల్లబరిచే యంత్రం 43 నుంచి మైనస్ 40కి, అంటే 83 డిగ్రీల తేడాను లాగాలి. చలిదేశంలో సరిపోయిన చిల్లర్ ఇక్కడ రెండో కారుకే ఆయాసపడుతుంది. వరుసగా నాలుగు కార్లు వస్తే నాలుగోవాడు చెట్టు కింద నిలబడి ఆగాలి. ఇక్కడ బంకు పెట్టేవాళ్లు చిల్లర్ సైజు దగ్గర పొదుపు చేయకూడదని గట్టిగా చెబుతాను.

వానాకాలంలో ఇంకో తిప్పలు. ఈ నాజిల్ ముక్కు మైనస్ 40 గ్యాసు పోతుంటే గడ్డకడుతుంది. గాలిలో తేమ దాని మీద మంచై కూర్చుని, కారు మూతికి నాజిల్ అతుక్కుపోతుంది. లాగితే రాదు. బలం పెట్టి తిప్పితే లోపలి రబ్బరు సీలు (ఓ-రింగు) చిరుగుతుంది, తర్వాతి కారుకు లీకవుతుంది. చేయవలసింది ఒకటి, రెండు నిమిషాలు ఆగడం. లేదంటే పొడి నైట్రోజన్ ఊదడం. మంచి డిస్పెన్సర్లలో నాజిల్ చుట్టూ పొడి గాలి ఊదుతూనే ఉంటుంది. వేడినీళ్లు పోయడం తప్పు. ఆ నీరే మళ్లీ గడ్డకట్టి ఇంకా బిగుస్తుంది.

ఒక విచిత్రం చెప్పి ముందుకు పోతాను. సీఎన్‌జీ రెగ్యులేటర్ దగ్గర గ్యాసు వ్యాకోచిస్తే చల్లబడి మంచు పడుతుంది. హైడ్రోజన్ మామూలు ఉష్ణోగ్రతలో అలా వ్యాకోచిస్తే కొద్దిగా వేడెక్కుతుంది. మైనస్ 70 డిగ్రీల కంటే కిందకు తెస్తేనే మిగతా గ్యాసుల్లా చల్లబడుతుంది. సీఎన్‌జీ అనుభవంతో దీన్ని అంచనా వేయకూడదని చెప్పడానికి ఈ ఉదాహరణ.

ట్యాంకులో చేరిన కిలో ఇక ఫ్యూయల్ సెల్‌కు పోతుంది. ఈ పొర వెంట్రుక కంటే సన్నగా, 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. రెండు వైపులా కార్బన్ పొడి మీద ప్లాటినం రేణువులు పూస్తారు. ఒక వైపు హైడ్రోజన్ వస్తుంది, ప్లాటినం మీద ప్రోటాన్, ఎలక్ట్రాన్‌గా విడిపోతుంది. ప్రోటాన్ తడి పొర గుండా దాటుతుంది. ఎలక్ట్రాన్ పొరలో పోలేక బయటి తీగ గుండా మోటారు తిప్పి అవతలికి చేరుతుంది. అక్కడ ఆక్సిజన్‌తో కలిసి ముగ్గురూ నీరవుతారు. సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు రావాలి. బండి లోడు మీద నడిచేటప్పుడు 0.65 దాకా వస్తుంది. హైడ్రోజన్ శక్తి మొత్తం కరెంటయితే 1.25 వోల్టులు ఉండేది కాబట్టి, 0.65ను దానితో భాగిస్తే 52 శాతం. మిగతా 48 శాతం వేడి. మిరాయ్ రెండో తరంలో ఇలాంటి సెల్స్ 330 వరుసగా పేర్చారు.

ఆ వేడి దగ్గర మళ్లీ మన ఎండ. పెట్రోలు ఇంజను వేడిలో చాలా భాగం సైలెన్సర్ గుండా పొగతో పోతుంది, కూలెంట్ 100 డిగ్రీల దాకా ఉంటుంది. ఫ్యూయల్ సెల్ 80 డిగ్రీలు దాటితే పొర ఎండిపోతుంది. వెనక గొట్టం గుండా పోయేది తక్కువ, వేడంతా రేడియేటర్ మీదే పడుతుంది. 80 డిగ్రీల కూలెంట్‌ను 43 డిగ్రీల గాలితో చల్లార్చాలంటే తేడా 37 డిగ్రీలే. ఏసీ వేసుకుని పొడవైన ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పేరుకుంటే అది ఇంకా ముందే జరుగుతుంది.

కూలెంట్ గురించి ఒక్క మాట. షెడ్లలో జరిగే అవకాశం ఉన్న అతి పెద్ద పొరపాటు ఇదే. 330 సెల్స్ మధ్య రెండు వందల వోల్టులకు పైన ఉంటుంది, ఆ పలకల మధ్యే కూలెంట్ పారుతుంది. కాబట్టి అది కరెంటును మోయకూడదు. దీనికి వాహకత అతి తక్కువగా ఉండే ప్రత్యేకమైన కూలెంట్, లైనులో అయాన్లను పట్టే రెసిన్ ఫిల్టర్ ఉంటాయి. లెవల్ తగ్గిందని మామూలు ఆకుపచ్చ కూలెంటో, నల్లా నీళ్లో పోస్తే ఇన్సులేషన్ లోపం అని బండి ఆగిపోతుంది. మొత్తం కడిగి, ఫిల్టర్ మార్చేదాకా కదలదు.

సెల్‌ను పాడుచేసే ఇంకో శత్రువు మలినం. వాహనాల హైడ్రోజన్‌కు ఐఎస్ఓ 14687 ప్రమాణం 99.97 శాతం శుద్ధి అడుగుతుంది. అంతకంటే ముఖ్యం లోపలి అంకెలు. కార్బన్ మోనాక్సైడ్ 10 లక్షల వంతుల్లో 0.2 వంతు, గంధకం 0.004 వంతు దాటకూడదు. కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినం మీద కూర్చుంటే హైడ్రోజన్‌కు చోటుండదు, శుద్ధమైన గ్యాసు పంపితే చాలావరకు వదులుతుంది. గంధకం అంత సులభంగా వదలదు. వంటగ్యాసుకు కలిపే వాసన మందు దీనికి కలపలేకపోవడానికి కారణం కూడా గంధకమే. గాలి వైపు కూడా అంతే. కిలో హైడ్రోజన్‌కు 70 కిలోల దాకా గాలి లోపలికి లాగుతుంది. మూసీ పక్కన వచ్చే ఆ కంపులోని హైడ్రోజన్ సల్ఫైడ్, డీజిల్ పొగలోని వాయువులు ప్లాటినంకు విషమే. అందుకే గాలి ఫిల్టర్‌లో దుమ్ము పట్టే కాగితంతో పాటు యాక్టివేటెడ్ బొగ్గు పొర ఉంటుంది. మామూలు పెట్రోలు కారు ఫిల్టర్ అందులో సైజుకు సరిపోయినా పెట్టకూడదు.

(సభలో నుంచి ప్రశ్న: పేలిపోతుందన్న భయం సంగతేంటి?)

భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకుంటుంది. అంటుకోవడానికి 0.02 మిల్లీజౌల్ శక్తి చాలు, పెట్రోలు ఆవిరికి కావలసిన దానిలో పదో వంతు కూడా లేదు. పాలిస్టర్ చొక్కా విప్పేటప్పుడు వచ్చే చిటపట సరిపోతుంది. మరోవైపు గాలి కంటే 14 రెట్లు తేలిక, బయట లీకైతే నిలబడకుండా పైకెళ్లిపోతుంది. కాబట్టి ఆరుబయట దీనికి మంచి గుణముంది, మూసిన చోట చెడ్డ గుణముంది. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లు, రేకుల షెడ్లు చూడండి. సెల్లార్ కప్పు దూలాల మధ్య గుంతల్లో గ్యాసు చేరి ఉండిపోతుంది. వంటగ్యాసు డిటెక్టర్ నేల దగ్గర పెడతాం, హైడ్రోజన్ డిటెక్టర్ కప్పు దగ్గర, అత్యంత ఎత్తైన చోట పెట్టాలి. 4 శాతంలో పావు వంతు, అంటే 1 శాతం దగ్గరే మోగాలి. పైన గాలి పోయే కిటికీలుండాలి.

మంట పగటి వెలుగులో కనబడదు. అమెరికాలో రాకెట్ ఇంజన్లు పరీక్షించిన రోజుల్లో లీకు వెతకడానికి పొడవాటి చీపురు ముందుకు చాచి నడిచేవారు. చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. ఇప్పుడు థర్మల్ కెమెరాలున్నాయి గానీ, చీపురు తర్కం ఇప్పటికీ సరైనదే. మంట ఉన్నట్టు తేలితే ముందు గ్యాసు ఆపాలి. గ్యాసు ఆగకుండా మంట ఆర్పితే, పోగైన గ్యాసు రెండోసారి ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆపలేకపోతే మండనిచ్చి చుట్టుపక్కలవి చల్లార్చాలి. ట్యాంకు మీద 110 డిగ్రీల దగ్గర కరిగి తెరుచుకునే భద్రతా వాల్వు ఉంటుంది. అది ట్యాంకును పేలనివ్వకుండా గ్యాసును కొద్ది నిమిషాల్లో బయటికి వదిలేస్తుంది. మరమ్మతు ముందు లైనులో నైట్రోజన్ పంపి హైడ్రోజన్‌ను తోసేయాలి, మరమ్మతయ్యాక మళ్లీ నైట్రోజన్‌తో గాలిని తోసేయాలి. గాలి, హైడ్రోజన్ ఎప్పుడూ నేరుగా కలవకూడదు.

2019 జూన్ 10న నార్వేలో, ఓస్లో దగ్గర శాండ్వికాలో ఒక హైడ్రోజన్ బంకు పేలింది. దర్యాప్తులో తేలినదేమిటంటే, అధిక ఒత్తిడి ట్యాంకు మూతలో లోపలి బోల్టులు సరిగా బిగించలేదు. చిన్న లీకు మొదలై, సీలు అరిగి, పెద్ద లీకైంది. హైడ్రోజన్ రసాయనం తప్పు కాదది. టార్క్ రెంచి తప్పు. ఈ సభలో ఎక్కువమంది చేతుల్లో ఉండే పనిముట్టు అదే.

(సభలో నుంచి ప్రశ్న: బ్యాటరీకి తగిలించి, నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజనుకు ఇచ్చే వాటర్ కిట్లు అమ్ముతున్నారు కదా, మైలేజీ పెరుగుతుందంటున్నారు.)

లెక్క చేద్దాం, మీరే నిర్ణయించండి. 12 వోల్టులు, 15 ఆంపియర్లు, ఆరు సెల్స్ ఉన్న కిట్ అనుకోండి. గంటకు వచ్చే హైడ్రోజన్ 3.4 గ్రాములు. దాని శక్తి 13 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. కిట్ తినేది 180 వాట్లు. ఆల్టర్నేటర్ 60 శాతం, ఇంజను 25 శాతం సామర్థ్యం వేసుకుంటే, ఆ 180 వాట్ల కోసం ఇంజను గంటకు 135 మిల్లీలీటర్ల పెట్రోలు అదనంగా కాల్చాలి. 135 పెట్టి 13 తీసుకోవడం. పైగా ఆ డబ్బాలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే ఉంటాయి. కస్టమరు ఎంత అడిగినా బిగించకండి.

హైడ్రోజన్‌ను నేరుగా కాల్చే ఇంజన్లు మాత్రం వేరు, అవి నిజమైన పని. ఫ్యూయల్ సెల్ కంటే శుద్ధి తక్కువున్నా నడుస్తాయి, చవక. కానీ హైడ్రోజన్ వేడి స్పార్క్ ప్లగ్ కొన తగిలినా ముందే అంటుకుంటుంది. గాలి ఎక్కువగా, పలచటి మిశ్రమంలో నడపాలి, లేకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. సామర్థ్యం ఫ్యూయల్ సెల్ కంటే తక్కువ.

మరి ఎక్కడ పెట్టాలి ఈ కిలోను? కాలిఫోర్నియాను చూడండి. కార్ల కోసం హైడ్రోజన్ బంకులు తొందరగా పెట్టిన చోటు అది. అక్కడ కిలో ధర 36 డాలర్ల దాకా పోయింది, 2024 ఫిబ్రవరిలో షెల్ తన కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. రాత్రి ఇంట్లో ఛార్జ్ పెట్టుకునే వీలున్న సొంత కారుకు హైడ్రోజన్ అవసరం నాకు కనబడదు. దూరపు లారీ సంగతి వేరు. 500 కిలోమీటర్లు పోయే పెద్ద లారీకి 600, 700 యూనిట్ల బ్యాటరీ కావాలి, అది నాలుగు టన్నులు. అదే దూరానికి హైడ్రోజన్ 40 కిలోలు, ట్యాంకులతో కలిపి 700 కిలోల పైచిలుకు. ఆ మూడు టన్నుల తేడా సరుకు. 2025 మార్చిలో కేంద్రం ఆమోదించిన ప్రయోగాల్లో 37 బస్సులు, లారీలు, 9 బంకులు ఉన్నాయి. వాటిలో ఒక మార్గం మన తెలుగు నేల మీదే, జాతీయ రహదారి 16పై విశాఖపట్నం, బయ్యవరం మధ్య. అక్కడ వచ్చే అంకెలు జాగ్రత్తగా గమనించండి.

కానీ అన్నిటికంటే ముందు రామగుండం లాంటి చోట్లు. రోజుకు 387 టన్నులు అన్నాను కదా. అక్కడ బంకు అక్కర్లేదు, 700 బార్ అక్కర్లేదు, చిల్లర్, కార్బన్ ఫైబర్, ప్లాటినం ఏవీ అక్కర్లేదు. ఇప్పటికే హైడ్రోజన్‌నే వాడే ఫ్యాక్టరీ అది. ఆకుపచ్చ కిలో ఒకటి మన చేతిలో ఉంటే, సహజవాయువుతో తీసిన కిలో బదులు దాన్ని పెడితే దాదాపు పది కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. బంకు కుదింపు లేకుండా ఆ కిలోకు పట్టిన 55 యూనిట్ల సోలార్ కరెంటును నేరుగా బ్యాటరీ కార్లకు పెడితే 344 కిలోమీటర్లు నడిచి, దాదాపు 52 కిలోల పెట్రోలు పొగ తగ్గుతుంది. అంటే కార్లకు నేరుగా కరెంటు, యూరియాకు హైడ్రోజన్. కార్లు కరెంటుతో నడవగలవు, యూరియా కరెంటుతో రాదు.

ఇక బల్ల దగ్గరికి రండి. పొర ముక్కను మాత్రం అంచులు పట్టుకుని, గ్లవ్స్ వేసుకునే ముట్టుకోండి. చేతి చెమటలో సోడియం ఉంటుంది. ప్రోటాన్ కూర్చోవలసిన చోట సోడియం కూర్చుంటే అక్కడ దారి మూసుకుపోతుంది. పక్కన గిన్నెలో శుద్ధమైన నీళ్లున్నాయి. పొరను ముంచి ఒక నిమిషం ఆగండి, ఉబ్బి అంచులు చుట్టుకోవడం కనిపిస్తుంది. ఎండలో పెట్టిన ముక్కను కూడా పక్కనే ఉంచాను, గట్టిపడి గరగరలాడుతోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.